బొమ్మ వెనక ఎర్రమట్టి

ఫోన్‌లో పాత్రల బొమ్మలు వేసే పిల్లలు ఇప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ముఖం కుదురుతుంది, కళ్లు కుదురుతాయి, జడ కుదురుతుంది. వెనకాల మాత్రం తెల్ల కాగితం మిగిలిపోతుంది. పెద్దగా ఖర్చు లేకుండా ఆ తెలుపును నింపే దారులు ఏమిటో జహీరాబాద్ దగ్గరి మొగుడంపల్లి చెలకల్లో నిలబడి వెతికితే చాలానే దొరికాయి. మొదటిది చూపుకు సంబంధించినది.

జహీరాబాద్‌ను ఆనుకుని ఉన్న పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. ఆ సొసైటీలోని ఊరి సంఘాల ఆడవాళ్లు 1990ల చివర్లో వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. చాలామంది దళిత రైతులు, కూలీలు, బడి మొహం చూడనివాళ్లు. హై యాంగిల్, లో యాంగిల్ అంటూ సినిమా బడుల్లో చెప్పే మాటలు వాళ్లకు అక్కర్లేకపోయాయి. సొంతంగా పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాట్‌కు ‘పటేల్ షాట్’ అన్నారు. దొర ఎత్తున కూర్చుని కింద నిలబడ్డవాళ్లను చూసే చూపు అది. ఎదురెదురుగా, ఒకే ఎత్తు నుంచి చూసేదానికి ‘సంఘం షాట్’ అన్నారు. సంఘంలో అందరూ ఒకే నేల మీద కూర్చుంటారు కదా. ఇక కిందనుంచి పైకి చూసేది జీతగాడు దొరను చూసే చూపు.

బొమ్మల పాఠాల్లో నింగీ నేలా కలిసే ‘క్షితిజ రేఖ’ గురించి పేజీలకు పేజీలు చదివాను. ఈ పేర్లు చెప్పినంత సూటిగా ఏ పాఠమూ చెప్పలేదు. డిజిటల్ బొమ్మకు వెనక దృశ్యం వేసేటప్పుడు మొట్టమొదట తేల్చుకోవలసింది ఈ చూపు సంగతే. దానికి పైసా ఖర్చు లేదు.

హైదరాబాద్ నుంచి ముంబై వైపు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద జహీరాబాద్‌లో దిగి కర్ణాటక సరిహద్దు దిక్కుగా పోతే మొగుడంపల్లి. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు సంగారెడ్డి జిల్లాలో మండల కేంద్రమైంది. దారి పొడవునా ఎర్ర చెలకలు, జొన్న, కంది, చెరకు, నడుమ వేపలు, చింతలు, గూనపెంకుల ఇళ్లు, తండాలు. ఇక్కడ ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఉందనుకుందాం. అన్న వాడి వదిలేసిన ఫోన్, అందులో ఉచితంగా దొరికే ఐబిస్ పెయింట్, పెన్ను బదులు చూపుడు వేలు. లంగా ఓణీ కట్టుకుని కొడవలి పట్టుకున్న పిల్ల బొమ్మ వేసింది. మూడు రాత్రులు పట్టింది. ఓణీ మడతలు చూస్తే ముచ్చటేస్తుంది. అయితే ఆ పిల్ల నిలబడింది గులాబీ పూలు రాలే జపాన్ చెర్రీ చెట్టు కింద!

తప్పు ఆ అమ్మాయిది కాదు. ‘ఉచిత బ్యాక్‌గ్రౌండ్’ అని వెతికితే దొరికేవి అవే. చెర్రీ చెట్లు, టోక్యో వీధులు, పైన్ అడవులు, మంచు కొండలు. జొన్న చేను దొరకదు. ఎర్ర చెలక దొరకదు. దొరికినా ఎవరో పర్యాటకుడు మిట్టమధ్యాహ్నం కారు దిగకుండా తీసిన ఫోటో అయి ఉంటుంది. చవకలో దొరికేదే బొమ్మ వెనక చేరుతుంది. అందుకే నా మట్టుకు ఇది డబ్బుల సమస్యా, మన ఊరి సమస్యా రెండూను. రెంటికీ మందు ఒకటే: వెనక దృశ్యం ఇంటి చుట్టూ ఉన్నదాన్నుంచి చేసుకోవడం.

జపాన్ వాళ్లు చేసింది కూడా అదే. 1988లో వచ్చిన ‘మై నైబర్ టోటోరో’ సినిమాలోని పచ్చదనానికి ప్రపంచమంతా మురిసిపోయింది. ఆ తావు స్వర్గమేమీ కాదు. దర్శకుడు మియాజాకి నివాసం టోకోరోజావాలో, ఆ దగ్గరి సయామా గుట్టలే ఆ దృశ్యాలకు మూలం. వరి మళ్లు, మట్టి బాటలు, కలుపు మొక్కలు. కజువో ఓగా అనే చిత్రకారుడు వాటిని పోస్టర్ రంగులతో ఓపిగ్గా వేశాడు. ఆ అడవుల్ని కాపాడుకోవడానికి తర్వాత జనం ముందుకొచ్చి చందాలిచ్చారు. మకోతో షింకాయ్ 2002లో ‘వాయిసెస్ ఆఫ్ ఎ డిస్టెంట్ స్టార్’ను దాదాపు ఒంటరిగా, ఇంట్లో ఒక కంప్యూటర్ మీద తయారు చేశాడు. తర్వాతి సినిమాల్లోనూ తను తిరిగిన వీధులు, రైల్వే గేట్ల ఫోటోలనే ఆధారం చేసుకున్నాడు. మన పిల్లలు వాళ్లనుంచి ఎత్తుకోవలసింది చెర్రీ చెట్టును కాదు, ఆ అలవాటును.

గీత ఎక్కడుంది?

మళ్లీ సంఘం షాట్ దగ్గరికి వద్దాం. చదును నేల మీద నిలబడి చూస్తే నింగీ నేలా కలిసే గీత సరిగ్గా మన కంటి ఎత్తులో ఉంటుంది. మనం కూర్చుంటే గీత దిగుతుంది, మిద్దె ఎక్కితే మనతోపాటు ఎక్కుతుంది. మనంత ఎత్తున్న మనిషి పది అడుగుల దూరంలో ఉన్నా, పొలం అవతలి గట్టు మీద చీమంత కనబడుతున్నా, ఆ గీత వాళ్ల కళ్ల మీదుగానే పోతుంది. ఈ ఒక్క సంగతి మనసుకెక్కితే కొలతల గొడవ సగం తీరినట్టే. నడుమెత్తు రాతిగోడ దగ్గరున్నా దూరమున్నా గీతకు కిందే ఉంటుంది. ఎనిమిదడుగుల దేశవాళీ జొన్న గీత దాటి పైకి లేస్తుంది. ఇంటి దర్వాజ కొంచెం దాటుతుంది. తాటిచెట్టు ఎంతో పైకి పోతుంది.

ఫోటో మీద పాత్రను అతికిస్తే అది గాలిలో తేలుతున్నట్టు ఉందంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. ఫోటో తీసినవాడు మిద్దె మీద ఉన్నాడు, బొమ్మ వేసినవాడు నేల మీద ఉన్నాడు. ఒకటి పటేల్ షాట్, ఒకటి సంఘం షాట్. రెండూ ఒక కాగితం మీద ఇమడవు. పరీక్ష చాలా తేలిక. పాత్ర కళ్ల మీదుగా అడ్డంగా ఒక గీత గీయండి. ఫోటోలో దూరంగా నేల ఆఖరయ్యే చోటు ఆ గీత మీదికి వచ్చేదాకా ఫోటోను జరపండి. జరిపితే కుదరని ఫోటోను వదిలేయండి.

చూపు ఎత్తును బట్టి శ్రమ కూడా మారుతుంది. పాఠాల్లో ఈ మాట ఎవరూ చెప్పరెందుకో. పటేల్ షాట్‌లో నేలే ఎక్కువ కనబడుతుంది, ఆ నేలనంతా రాళ్లతో, గడ్డితో, నీడలతో నింపాలి. సంఘం షాట్‌లో నేల సన్నని పట్టీగా అణిగిపోతుంది. కిందినుంచి చూస్తే వెనక ఆకాశం తప్ప ఏమీ ఉండదు. రెండు రంగుల ఆకాశం, ఒక మూల చింతకొమ్మ, అంతే. పాత్ర కొండంత కనబడుతుంది. వేలితో గీసేవాళ్లు, చిన్న తెర ఉన్నవాళ్లు ఈ రెండు చూపులతో మొదలుపెడితే చేతికి అలుపు తక్కువ.

ఖాళీ కూడా ఒక తెరే

వెనక దృశ్యం అనగానే చెట్లు, ఇళ్లు, మబ్బులు వేయాలని గాబరా పడతాం. మన దగ్గర వందల ఏళ్లుగా పాత్రల బొమ్మలు వేసినవాళ్లు అంత గాబరా పడలేదు.

తోలుబొమ్మలాట చూడండి. ఒక తెల్ల పంచె, వెనక దీపం. రావణుడి పది తలల మీద చిల్లుల పనితనమంతా వెలిగిపోవడానికి ఆ వెలుతురు చాలు. డిజిటల్‌లో దీనికి సమానమైనది నడుమ కొంచెం వెలుగు, అంచుల్లో కొంచెం చీకటి ఉండే ఒకే రంగు. ఒక్క లేయర్, మెత్తటి బ్రష్, నాలుగు నిమిషాల పని.

చేర్యాల నకాశీ పటం ఇంకో పాఠం. కులపురాణాలు చెప్పే కథకుల కోసం వేసే ఆ పటాల్లో పదులకొద్దీ ఘట్టాలుంటాయి. ఖద్దరు బట్టకు తెల్లసుద్ద, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఆరాక బొమ్మలు వేస్తారు. మనుషుల వెనక ఖాళీ అంతటా ఒకే ఎరుపు. ఘట్టం అడవిలో జరిగినా, ఇంట్లో జరిగినా వెనక ఎరుపే. అడవి అని తెలియడానికి ఒక చెట్టు, ఇల్లని తెలియడానికి ఒక స్తంభం. పసుపు, నీలం, తెలుపు ముఖాలు ఆ ఎరుపు మీద దీపాల్లా కనబడతాయి. అంత పొడవు పటాన్ని కలిపి ఉంచేదీ ఆ ఎరుపే.

సరిహద్దు దాటితే బీదర్. అక్కడి బిద్రీ పనిలో కూజా ఒళ్లంతా నలుపు, మీద వెండి తీగ. ఆ నలుపు కోసం కోట మట్టిని తెచ్చి వాడతారు. నలుపు ఎంత గాఢంగా ఉంటే వెండి అంత తెల్లగా కనబడుతుంది. ముదురు రంగు చీర కట్టిన పాత్ర వెనక లేత రంగు, తెల్ల చొక్కా పాత్ర వెనక ముదురు రంగు అన్న సూత్రానికి బిద్రీ కూజాను మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. బొమ్మను ఒకసారి నలుపు తెలుపులోకి మార్చి చూడండి. ముఖం చుట్టూ ఉన్న బూడిద రంగు, ముఖం బూడిద రంగు ఒకటైపోతే వెనక ఎంత అందమైన గుడి వేసినా ప్రయోజనం లేదు.

మూడు రకాల పేదరికం, మూడు రకాల ఐశ్వర్యం. వీటిలో ఏదీ రాజీపడి చేసింది కాదు.

ఇక నిజంగానే చెట్లూ ఇళ్లూ కావాలంటే సురభి వాళ్లను అడగాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన ఆ కుటుంబ నాటక సమాజం తరాలపాటు ఊరూరా తిరిగింది. బండి మీద, రైలు మీద మోసుకుపోవలసిన సామాను కనుక తెరలు లెక్కగానే ఉండాలి. పద్యనాటకాలవాళ్లకు దర్బారు తెర, అడవి తెర, వీధి తెర ఉంటే చాలా కథలు నడిచిపోతాయి. రాముడు తిరిగిన అడవీ నలుడు తిరిగిన అడవీ ఒకటే తెర. దీపం మారితే పొద్దు మారుతుంది. 2008 నుంచి వస్తున్న ఛోటా భీమ్‌ను తయారు చేసిన గ్రీన్ గోల్డ్ హైదరాబాద్ సంస్థే. అందులోనూ అదే ధోలక్‌పూర్, అదే టున్‌టున్ మౌసీ లడ్డూల దుకాణం ఎన్ని కథల్లో వచ్చాయో పిల్లల్ని అడిగితే చెబుతారు.

మన అమ్మాయికీ ఐదు తెరలు చాలు. ఊరి వీధి ఒకటి. ఇంటి వాకిలి ఒకటి. చెలక ఒకటి. కుంట గట్టు ఒకటి. గుట్ట ఒకటి. ఒక్కోదాన్ని వారం రోజులు తీరికగా, పాత్ర లేకుండా వేసి దాచుకోవాలి. తర్వాత ఏ పాత్ర వేసినా ఆ ఐదింటిలో ఒకటి తెచ్చి, మీద ఒక రంగు లేయర్ పరిచి, తెల్లవారుజాము కావాలంటే తెల్లవారుజాము, వాన కావాలంటే వాన చేసుకోవచ్చు. కొనుక్కున్న వంద దృశ్యాలకంటే ఈ ఐదు ఎక్కువ పనిచేస్తాయి. ఎందుకంటే ఐదింటిలోనూ గీత ఎక్కడుందో వేసినవాళ్లకు తెలుసు.

ఎర్ర నేల లెక్క

జహీరాబాద్, బీదర్ ప్రాంతంలో నల్లని దక్కన్ రాతి పైపొర లక్షల ఏళ్ల వానలకు, ఎండలకు చివికి ఎర్రరాయిగా మారింది. ఇనుము తుప్పు పట్టిన రంగు అది. ఇట్లాంటి రాయికి ఫ్రాన్సిస్ బుకానన్ కేరళలో చూసి, 1807లో ‘లాటరైట్’ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఇటుక అని అర్థం. బీదర్ కోట కందకాన్ని ఈ రాతిలోనే తొలిచారు. మొగుడంపల్లి పిల్లల చెప్పులకు అంటుకునే దుమ్ము కూడా ఇదే.

ఈ ఎరుపును వేయడం తేలికని అనుకుంటాం. రంగుల పెట్టెలో ఎరుపు తీసి పూసేస్తాం. అప్పుడు అది నేలలా ఉండదు, ప్లాస్టిక్ చాపలా ఉంటుంది. ఎండలో పొడిగా ఉన్న చెలక మనం అనుకున్నదానికంటే పాలిపోయి, కొంచెం నారింజ కలిసి ఉంటుంది. తొలకరి పడగానే అదే నేల పండిన ఇటుకలా ముదురుతుంది. ఎండలో నిలబడ్డ మనిషి నీడ నేల మీద నల్లగా పడదు. ఆ నీడలోకి నీలాకాశం వెలుగు వస్తుంది కనుక ఎరుపులో నీలం కలిసి, పండిన నేరేడు తోలు రంగుకు దగ్గరవుతుంది. నమ్మకం లేకపోతే ఫోటో తీసి రంగు పట్టుకునే సాధనంతో తాకి చూడండి. నలుపు ఎక్కడా దొరకదు.

ఇప్పుడు అసలు సంగతి. నేల మీద పడ్డ ఎండ అక్కడే ఆగదు. ఎగిరి మనిషి మీద పడుతుంది. ఎర్ర చెలకలో నిలబడ్డ పిల్ల గడ్డం కింద, ముంజేతి అడుగున, తెల్ల ఓణీ కింది అంచున సన్నగా ఎర్రటి వెలుగు ఉంటుంది. దీన్ని వేయడానికి ఒక లేయర్, తక్కువ గాఢతతో ఒక రంగు, పది గీతలు చాలు. పాత్రనూ దృశ్యాన్నీ విడివిడిగా వేసి అతికించిన బొమ్మలో కూడా ఈ పది గీతలు పడగానే ఆ పిల్ల అక్కడే పుట్టి పెరిగినట్టు కనబడుతుంది. దాంతోపాటు పాదాల కింద, నేలకు తగిలే చోట, ఒక ముదురు సన్నని నీడ పెట్టండి. నాకు తెలిసినంతలో వెనక దృశ్యం పనిలో ఇంత చవకైనదీ, ఇంత ఫలితమిచ్చేదీ మరొకటి లేదు. చాలామంది బ్రష్‌ల కోసం, ప్యాక్‌ల కోసం తిరుగుతూ దీన్ని వదిలేస్తారు.

దూరం సంగతి కూడా కంటితో చూసి నేర్చుకోవచ్చు. చించోళి అడవులను ఆనుకుని ఉన్న గొట్టంగుట్ట వైపు పొద్దున్నే చూడండి. దగ్గరి చెట్టు ఆకుపచ్చ. దాని వెనకది బూడిద పట్టిన పచ్చ. గుట్ట అంచు పావురం మెడ రంగు. నడుమనున్న గాలి నీలి వెలుగును చెదరగొట్టి మన కంటి ముందు పలుచని పొరలా పరుస్తుంది. దూరం పెరిగేకొద్దీ ముదురు లేతబడుతుంది, లేతకూ ముదురుకూ మధ్య తేడా తగ్గుతుంది, వివరం కరిగిపోతుంది. కనుక గుట్ట మీద ఒక్క చెట్టునూ విడిగా వేయనక్కర్లేదు. వంపు గీసి లేత నీలి బూడిద నింపితే గుట్ట. నడుమ చెట్ల వరుస ముద్దగా. ముందు భాగంలో మాత్రం, చట్రం అంచుకు దగ్గరగా, ముదురు రంగులో రెండు జొన్న కర్రలు. వెనక, నడుమ, ముందు అనే ఈ మూడు పొరల మధ్య పాత్రను నిలబెడితే లోతు వచ్చేస్తుంది. డిస్నీ వాళ్లు 1937లో ఇదే లోతు కోసం గాజు పలకల అంతస్తులున్న కెమెరా కట్టించారు. ఇప్పుడు అది మూడు లేయర్ల పని.

ఒక్క జొన్న కర్ర గీస్తే చేను

సాధనాల గురించి క్లుప్తంగా. ఫోన్ మాత్రమే ఉన్నవాళ్లకు ఐబిస్ పెయింట్, మెడిబ్యాంగ్, స్కెచ్‌బుక్ ఉచితంగానే దొరుకుతాయి. కొన్నిట్లో ప్రకటనలు భరించాలి, అంతే. కాలేజీ ల్యాబ్‌లోనో, అన్న దగ్గరో కంప్యూటర్ దొరికితే క్రిటా, గింప్, బ్లెండర్. వీటికి ఎప్పటికీ డబ్బు కట్టనక్కర్లేదు. దొంగ కాపీల కోసం ఎక్కడెక్కడి లింకులో నొక్కి వైరస్ తెచ్చుకునే అవసరం అసలే లేదు.

బ్లెండర్ కథ చెప్పుకోదగ్గది. దాన్ని తయారు చేసిన కంపెనీ మూతపడ్డప్పుడు, 2002లో, వాడేవాళ్లంతా చందాలు వేసుకుని ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి దాన్ని అందరి సొత్తు చేశారు. ఆ బ్లెండర్‌తోనే లాట్వియా దేశపు గింట్స్ జిల్‌బలోడిస్ ‘ఫ్లో’ తీశాడు. 2025 మార్చిలో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ అందుకున్నది అదే. మనకు అంత అక్కర్లేదు. నాలుగు డబ్బాలు పెట్టి ఇళ్లనుకుందాం, ఒక పలక పెట్టి వీధి అనుకుందాం, కెమెరాను ఐదడుగుల ఎత్తులో పెట్టి ఫోటో తీసుకుని దాని మీద గూనపెంకులు, అరుగులు గీసుకుందాం. గీతలు ఎక్కడ కలుస్తాయన్న తలనొప్పి యంత్రానికి వదిలేయవచ్చు. కంప్యూటర్ లేకపోతే అగ్గిపెట్టెలు పేర్చి, పక్కన దీపం పెట్టి ఫోన్‌ను వాటి ఎత్తులోకి దించి ఫోటో తీసినా అదే ఫలితం.

తక్కువ మెమరీ ఫోన్లలో పెద్ద ఇబ్బంది లేయర్లు. ఏ4 కాగితం ముద్రణకు 300 డీపీఐ అంటే 2480 అడ్డం, 3508 నిలువు చుక్కలు. ఆ కొలతలో పాత ఫోన్ నాలుగు లేయర్లకే మొరాయిస్తుంది. అందుకని వెనక దృశ్యాన్ని వేరే ఫైల్లో, సగం కొలతలో వేయండి. అయ్యాక లేయర్లన్నీ కలిపి ఒక్క బొమ్మగా తెచ్చి పాత్ర వెనక పెద్దది చేసి పెట్టండి. కొంచెం మసకబారుతుంది. మసకబారనివ్వండి. వెనకది మసకగా ఉంటేనే ముందున్న కళ్లు మెరుస్తాయి.

చేను వేయాలంటే వంద మొక్కలు గీయరు. మూడు గీస్తారు. ఒకటి నిటారుగా, ఒకటి కుడికి వాలి, ఒకటి కంకి బరువుకు తల వంచి. వాటిని బ్రష్‌గా దాచుకుని, పెద్దవీ చిన్నవీ చేస్తూ, అటూ ఇటూ తిప్పుతూ అద్దుకుంటూ పోతే చేను నిలబడుతుంది. రాతిగోడ, గూనపెంకులు, ఈతచాప అల్లిక అన్నీ ఇట్లాగే. క్రిటాలో ‘డబ్ల్యూ’ మీట నొక్కితే కాగితం అంచులు ఒకదానికొకటి కలిసిపోయే పద్ధతి వస్తుంది. అందులో జానెడు రాతిగోడ వేస్తే ఎంత పొడవైనా అతుకు కనబడకుండా పరుచుకోవచ్చు. జహీరాబాద్ వైపు ఆడవాళ్లు ఒకే చెలకలో పది ఇరవై రకాలు కలిపి విత్తుతారు. జొన్న నడుమ కంది, కంది కింద అనుములు. చేను వేసేటప్పుడు అది గుర్తుంచుకోండి. ఒకే మొక్క వరుసగా అద్దితే అది కంపెనీ ఫారం అవుతుంది, మన చెలక కాదు.

ఫోటో మీద నేరుగా గీయడం తప్పా అని పిల్లలు అడుగుతుంటారు. తప్పు కాదు, మీరు తీసిన ఫోటో అయితే. ఫిల్టర్ వేసి బొమ్మలా మార్చి పెట్టేయడం మాత్రం పని చేయదు. ఫోటోలో ప్రతి ఆకుకూ ఒకే మర్యాద ఉంటుంది, బొమ్మలో అట్లా ఉండకూడదు. ఫోటోను మూడు బూడిద రంగులకు కుదించి, ఆ మూడు ముద్దల్ని గీసుకుని, తర్వాత ఫోటోను మూసేసి రంగులు వేయండి. మూసేయడం ముఖ్యం.

పట్టపగటి వెన్నెల

రాత్రి దృశ్యం వేయడానికి చాలామంది జంకుతారు. 1957 ‘మాయాబజార్’లో లాహిరి పాట వెన్నెల్లో పడవ షికారు. ఎన్నూరు దగ్గర బయట తీసిన దృశ్యాలు ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తీసినవి! మార్కస్ బార్ట్లే కెమెరా పగటిని వెన్నెల చేసింది. అదే సినిమాలో ద్వారకా నగరం మరో అద్భుతం. గోఖలే, కళాధర్ కళా దర్శకత్వంలో యాభై అడుగులకు అరవై అడుగుల జాగాలో మూడు వందల చిట్టి ఇళ్లు కట్టి, వాటికి విద్యుద్దీపాలు పెట్టారు. కంప్యూటర్ లేని రోజుల్లో, తెర మీద చూసినవాడికి అది మహానగరం.

మీ పగటి చెలకనూ ఇట్లాగే రాత్రి చేసుకోవచ్చు. రంగులు వెలిసేలా చేసి, మీద ముదురు నీలం లేయర్‌ను ‘మల్టిప్లై’ పద్ధతిలో పరచండి. పాత్ర భుజం మీద, జొన్న కంకుల కొసల మీద మాత్రం చంద్రుడి వైపునుంచి లేత వెలుగు అంచు గీయండి. దూరంగా తండాలో రెండు పసుపు చుక్కలు. చీకటి వివరాలన్నీ మింగేస్తుంది కనుక పగటి దృశ్యం కంటే దీనికి పని తక్కువ.

ఉచితం అన్న మాట

సెర్చ్‌లో కనబడ్డ ప్రతిదీ ఉచితం కాదు. ఎవరికైనా డబ్బుకు బొమ్మ వేసిచ్చేటప్పుడు ఇది ఇంకా ముఖ్యం. పాలీ హేవెన్‌లోని ఆకాశాలు, గోడల అల్లికలు సీసీ జీరో కింద ఉన్నాయి, ఎవరైనా దేనికైనా వాడుకోవచ్చు. వికీమీడియా కామన్స్‌లో ఒక్కో ఫోటోకు ఒక్కో షరతు ఉంటుంది. కొన్నిటికి తీసినవారి పేరు రాయాలి, రాయండి. మన 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ కట్టడాలను బొమ్మగా వేయడానికి అడ్డు చెప్పదు. కనుక మీ ఊరి కమాను, బురుజు, గుడి గోపురం నిశ్చింతగా గీసుకోండి.

ఒక్క వాక్యం రాస్తే దృశ్యం పుట్టించే ఏఐ యాప్‌లు వచ్చాయి కదా అని అడగవచ్చు. గీత ఎక్కడుందో, వెలుగు ఎటునుంచి వస్తోందో ఆ యాప్ మీ పాత్రను అడిగి వేయదు. కలపడానికి పడే పాటు కొత్తది వేయడానికి పట్టినంత ఉంటుంది. పైగా ‘తెలంగాణ పల్లె’ అని రాస్తే ఇచ్చే పల్లె ఎక్కడిదో నాకైతే పోలిక దొరకలేదు. మొగుడంపల్లి ఫోటోలు తగినన్ని లేని చోట యంత్రం మాత్రం ఎక్కడనుంచి తెస్తుంది?

అందుకే ఈ కథనం చదివిన జహీరాబాద్ వైపు పిల్లలకు, వాళ్ల మాస్టర్లకు ఒక విన్నపం. పొద్దున ఏడు లోపు, సాయంత్రం ఐదు తర్వాత, ఫోన్ పట్టుకుని బయటికి రండి. కంటి ఎత్తులో, నేల గీత అడ్డంగా తిన్నగా ఉండేట్టు పట్టుకుని, జొన్న చేను, కంది పూత, ఎండిన కుంట, వాన తడిసిన చెలక, పెంకుటింటి చూరు, దర్వాజ, రాతిగోడ, ఫిబ్రవరిలో మోదుగు పూత ఫోటోలు తీయండి. మనుషుల ముఖాలు పడితే వాళ్లను అడగకుండా బయట పెట్టకండి. ఐదు మీకోసం దాచుకోండి. ఐదు వికీమీడియా కామన్స్‌లో సీసీ జీరో కింద పెట్టండి. పేరు తెలుగులోనే రాయండి: ‘ఎర్ర చెలక, మొగుడంపల్లి మండలం’. రేపు ఇంకో ఊళ్లో ఇంకో అమ్మాయి తన బొమ్మ కోసం వెతికినప్పుడు చెర్రీ చెట్టు పక్కన ఇదీ కనబడాలి.